మసిబోడు నెలవంకలు

మసిబోడుకు ఆ పేరు పెట్టినవాళ్ళకు కళ్ళు కనపడవేమో అని ఉడుతల బయ్యన్న చిన్నప్పటినుంచీ అనుకునేవాడు. నల్లమల లోపల, నక్కలచెలమ పెంట అనే చెంచుగూడేనికి ఎదురుగా ఉన్న ఆ గుట్ట మీద అతని ఈడువాళ్ళెవరూ మసి చూసి ఎరగరు. ఉన్నదల్లా మనిషిని ముంచే బోదగడ్డి, దాని మీదికి ఎగబాకిన పిచ్చికంప, వాగు పొడుగునా పూసి ఎండి ఒకదాని మీద ఒకటి పడిపోయిన వెదురు. అందులో దూరిన కుందేలు కూడా బయటికి దారి వెతుక్కోవలసిందే. అటువంటి గుట్ట అంచున, శివరాత్రి వెళ్ళిన కొద్దిరోజులకు, ఒక మధ్యాహ్నం పొగ లేచింది.

బాటన పోయేవాడెవడో బీడీ ముక్క పారేసిపోయాడు. బయ్యన్న ఆ ఎండాకాలానికి అడవిలో నిప్పు కావలి పనికి కుదిరాడు. అతనూ, అతని అక్క అంకమ్మా పచ్చి కొమ్మలు విరుచుకుని పరుగెత్తి, దగ్గుతూ, తిట్టుకుంటూ, మంటను మోది మోది చంపారు. ఒక ఇంటి వాకిలంత మేర నల్లబడింది. దాని నడుమ ఇన్నేళ్ళుగా గడ్డి కింద దాగిన చదును బండ ఒకటి బయటపడింది. అంకమ్మ కొంగుతో బూడిద తుడిచింది. బండ మీద ఉలితో చెక్కిన నెలవంక. దాని కొమ్ము ఒకటి సాగదీసి తూర్పుకు చూపిస్తోంది. ఆ నెలవంక కింద గొడ్డలి మొనతో గీసిన మూడు నిలువు గాట్లు, వాటి అడుగున ఒక అడ్డగీత.

ఆ గాట్లు చూసి అంకమ్మ అక్కడే కూలబడింది. "తమ్ముడా, ఇది నాయన గుర్తు రా" అంది.

చెంచులలో తేనె తీసేవాడికి ఎవరి గుర్తు వాళ్ళకుంటుంది. ఏ కొండచరియకు తేనెకు పోతున్నాడో ఆ దారిలో చెట్టుకో బండకో ఆ గుర్తు గీసి పోతాడు. ఆ గుర్తు చూస్తే ఇంకొకడు ఆ పట్టు జోలికి పోడు. మనిషి తిరిగిరాకపోతే ఎటు వెతకాలో కూడా ఆ గుర్తే చెబుతుంది. వాళ్ళ నాయన గురవన్న అటు పోయి ముప్పై ఏళ్ళు కావస్తోంది. బయ్యన్న అప్పటికి పాలు మరవని పిల్లవాడు. ఆ రోజు వాగులో వెదురు అంటుకుని పెద్ద మంట లేచింది. పెంటవాళ్ళంతా పోయి వాగు దగ్గరే దాన్ని ఆర్పి శభాష్ అనిపించుకున్నారు. గురవన్న మాత్రం మళ్ళీ కనపడలేదు. వెతికారు, పిలిచారు. కంపలోకి చొరబడే దారి లేక వెనక్కి వచ్చారు.

ఆ తర్వాత నోళ్ళు ఊరుకోలేదు. ఆ గుట్టలో ఎప్పటిదో ఒక పాలెగాడు దాచిన సొమ్ము ఉందనీ, దానికి దారి బండల మీది నెలవంకలనీ అందరికీ తెలుసు. "గురవడు సొమ్ము ఎత్తుకుని కిందూళ్ళకు పారిపోయినాడు, పెళ్ళాం పిల్లలను వదిలి" అని పెంట పెద్ద మండ్లి పోలయ్య అన్నాడు. ఒకసారి పెద్దమనిషి నోటినుంచి వచ్చిన మాట ఇక మాటగా ఉండదు, సాక్ష్యమైపోతుంది. బయ్యన్న తల్లి ఈదమ్మ దాన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదు గనుక చచ్చినవాడికి చేయవలసిన చిన్నదినం, పెద్దదినం రెండూ చేయలేదు. చచ్చాడన్న గుర్తు లేదు, బతికాడన్న కబురు లేదు. ఇప్పుడామె మంచం పట్టి గంజి కూడా దిగని స్థితిలో ఉంది. "మీ నాయన సంగతి తెలవకుండా నన్ను పూడ్చొద్దు రా" అని ఒకటే మాట.

అందుకే బయ్యన్న కోదండాన్ని పిలిచాడు.

కోదండం మార్కాపురం వైపు పలకల గనుల్లో రాయి పేల్చే పని చేసి, ఒక చెవి వినికిడి అక్కడే వదిలేసి వచ్చినవాడు. తర్వాత గుప్తనిధుల పిచ్చి పట్టింది. నల్లమలలో అతను దూరని గుహ లేదు. ఇంతవరకు అతనికి దక్కిన నిధి గబ్బిలాల పెంట, ఎలుగుబంటి తరుము. కానీ తాడు కట్టడంలో, బండ కదిలించడంలో అతనికి సాటి లేరు, మాట తప్పే మనిషీ కాడు. బండ చూసి అతని కళ్ళు వెలిగిపోయాయి. "బయ్యన్నా, సొమ్ము దొరికితే నాది. మీ నాయన కబురు దొరికితే మీది. సరేనా?" అన్నాడు. బయ్యన్న సరేనన్నాడు.

అయితే నెలవంక చూపిన దిక్కున అంతా గడ్డి, కంప. రెండో బండ ఎక్కడుందో దేవుడికే తెలియాలి. కొడవళ్ళతో నరుక్కుంటూ పోతే వానలు వచ్చేదాకా గుట్ట సగం కూడా కాదు. ముగ్గురూ అంచున నిలబడి గడ్డిలోకి తొంగి చూశారు.

"ఆ దారి చెక్కినోడు గడ్డిలో దాయలే" అంది చివరికి అంకమ్మ. "అప్పుడు మనోళ్ళు ఏటేటా పుష్యంలో ఈ గుట్టకు అగ్గి పెట్టేటోళ్ళు. నేను నాయన చెయ్యి పట్టుకుని చూసిన. మంచు ఆరకముందే పైనుంచి కిందికి, గాలికెదురుగా. మంట మోకాలెత్తు లేచేది కాదు. బండలన్నీ కడిగినట్టు కనపడేవి."

ఆమె చెప్పింది ఆ అడవి పాత కథ. అప్పట్లో ఆ చిన్న మంట గడ్డిని మాత్రం తినేసి పోయేది. మందం బెరడున్న యేపి, మద్ది, టేకు చెట్లు పాదాల దగ్గర నల్లబడి ఊరుకునేవి. కంప మొక్కలు మొలకలోనే చచ్చేవి. వారం తిరక్కుండా లేతగడ్డి వచ్చి దుప్పులు దిగేవి, తునికి చిగురు వేసేది, గడ్డలు తవ్వడానికి నేల మెత్తబడేది. గుట్ట ఈ కొసనుంచి ఆ కొసకు చెట్ల నడుమ చూపు ఆగకుండా పోయేదట. తర్వాత అడవిలో ఎవరూ నిప్పు పెట్టరాదని పైనుంచి ఉత్తరువు వచ్చింది. మంచికే అన్నారు, మంచికే విన్నారు. కాలకుండా మిగిలిన గడ్డి కుళ్ళి, దాని మీద గడ్డి మొలిచి, కంప అల్లుకుని, గుట్ట తలుపులు మూసుకుంది.

"అయితే కాలుద్దాం" అన్నాడు బయ్యన్న.

"శివరాత్రి పోయినంక అగ్గి ముట్టించరాదు. నాయన ఉంటే నీ చెయ్యి విరిచేటోడు."

"నాయన యాడున్నాడో తెలుసుకునేందుకేనక్కా. మళ్ళీ పుష్యం దాకా అమ్మ ఉంటదా?"

నిప్పు కావలివాడే నిప్పు పెట్టడం ఎంత తప్పో బయ్యన్నకు తెలియకపోలేదు. తల్లి ముఖం ముందు ఆ తప్పు చిన్నదిగా కనపడింది. అదే అతను చేసిన పొరపాటు. కాల్చే పద్ధతి అక్క చెప్పినట్టే చేశాడు, తు.చ. తప్పకుండా. గుట్ట మాత్రం అక్క చిన్ననాటి గుట్ట కాదని ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

మరునాడు తెల్లవారగానే గుట్ట నెత్తిన అడ్డంగా గడ్డి కోసి బాట చేసి, బయ్యన్న చెకుముకి కొట్టాడు. మంట గాలికెదురుగా, మెల్లగా, వెనుకడుగు వేస్తున్నట్టు కిందికి దిగసాగింది. ముగ్గురూ పచ్చి కొమ్మలతో అంచులు కాస్తూ దాని వెంట నడిచారు. కాళ్ళ కింద బూడిద వెచ్చగా ఉంది. ఎగిరే మిడతల కోసం పాలపిట్టలు పొగలోకి దూకుతున్నాయి.

"అదిగో" అన్నాడు కోదండం. రెండో బండ. ఇంకొంచెం దిగువన మూడోది. ప్రతి నెలవంకా తర్వాతి దాన్ని చూపిస్తోంది. ప్రతి దాని కిందా గురవన్న గాట్లు ఉన్నాయి. అంకమ్మ ప్రతి బండ దగ్గరా ఆగి ఆ గాట్ల మీద అరచెయ్యి పెట్టింది. బయ్యన్నకు తండ్రి ముఖం గుర్తులేదు. ముందు నడిచిపోతున్న మనిషి వీపు మాత్రం కనపడుతున్నట్టు అనిపించింది. అది సంతోషమో దుఃఖమో అతనికి తెలియలేదు.

ఆఖరి నెలవంక వాగు ఒడ్డున ఉంది. దాని కొమ్ము వాగు దాటించి, అవతలి గట్టున నిలువుగా లేచిన కొండచరియను చూపిస్తోంది. చరియ నెత్తిన పాత తేనెపట్టుల మచ్చలు కనపడుతున్నాయి. గురవన్న పోయింది అక్కడికే. మంట ఇవతలి వాలులో నెమ్మదిగా దిగుతోంది, వాగు చేరేలోగా పని చూసుకుని రావచ్చనుకున్నారు. ఎండు వాగు దాటి, కొంత మేర గుల్లరాతి మీది పలచటి గడ్డిలో నడిచి, ఆ పైన కంపలో పొట్ట మీద పాకారు. చరియ మొదట్లో, పక్కకు పడుకుంటే మనిషి పట్టేంత సందు తగిలింది. కోదండం గడ్డపారతో అడ్డున్న రాయిని దొర్లించి, లైటు వేసి ముందు దిగాడు.

లోపల నిలబడేంత చోటుంది. పైకప్పు దట్టమైన మసితో నల్లగా ఉంది, దాని మధ్య ఒక చీలిక పైకి పోతోంది. గోడవారగా వరసగా రాగి బిందెలు, మూతలకు లక్క ముద్రలు. కోదండం ఒక్కొక్క బిందె మీదా లైటు వేసి చూశాడు.

బిందెల పక్కన, నేలకు ముఖం ఆనించి, ఒక మనిషి అస్థిపంజరం పడి ఉంది. ముఖం కింద చివికిన గుడ్డపేలిక. పక్కన తేనె తాడు చుట్ట, గొడ్డలి. ముంజేతి ఎముకకు వెండి కడియం వదులుగా వేలాడుతోంది.

అంకమ్మ వంగి కడియం చూసింది, చిన్నప్పుడు నాయన చేతికి చూసినదే. "పోయినావా నాయనా" అంది, అంతే. తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపు ఆ గుహ పట్టలేదు. బయ్యన్న తండ్రి తల పక్కన కూర్చుని, ఏం చేయాలో తెలియని పిల్లవాడిలా తన చేతులు చూసుకున్నాడు. ఎన్నేళ్ళుగా పెంటలో తల దించుకుని నడిచాడో అవన్నీ ఒక్కసారి గుర్తొచ్చి గుండె మండింది. ఆ రోజు మంట దారి మూసేస్తే తేనెకు వచ్చిన మనిషి ఇక్కడ తల దాచుకున్నాడు. బిందెల మీద ఒక్క లక్క ముద్ర కూడా పగలలేదు.

కోదండం కాసేపు తల వంచి నిలబడ్డాడు. మర్యాద తెలిసిన మనిషే, కానీ అతను జీవితమంతా వెతికింది చేతికందే దూరంలో ఉంది. ఒక బిందె మూత పగలగొట్టాడు. లైటు వెలుగులో వరహాలు మెరిశాయి. భుజం మీది పెద్ద గొంగళి పరిచి వాటిని కుమ్మరించసాగాడు.

"కోదండమన్నా, ఆ సొమ్ము వద్దు" అన్నాడు బయ్యన్న.

"మాట అనుకున్నాం గదా."

"అనుకున్నాం. ఆ సొమ్ము ఇక్కడుంటేనే మా నాయన దొంగ కాడని లోకం నమ్మేది. గురవడి కొడుకు పోయినాడు, సొమ్ముతో వచ్చినాడు అంటే, అప్పుడు తండ్రి దాచింది ఇప్పుడు కొడుకు తవ్వుకున్నాడంటారు. చచ్చినోడు మళ్ళీ దొంగ అయితడు."

"లోకం ఏమన్నా అంటది బయ్యన్నా. నేను ఇంత కాలం తిరిగింది దేనికి?" అంటూనే కోదండం గొంగళి మూటగట్టాడు. అతని మాటలో తప్పేమీ లేదు, అదే చిక్కు.

అప్పుడు బయట తుపాకులు పేలిన చప్పుడైంది. ఒకటి, ఇంకొకటి, ఆ వెంటనే వరసగా. కోదండం చెవికి అది అందలేదు. అంకమ్మ లేచి నిలబడింది. "వెదురు" అంది. "వాగులో వెదురు అంటుకుంది."

బయ్యన్న సందులోంచి తల పెట్టి చూశాడు. పొద్దు నెత్తికెక్కింది, గాలి తిరిగింది. నిప్పురవ్వలు వాలు దాటి వాగులో పడ్డాయి. ఏళ్ళ తరబడి పేరుకున్న ఎండు వెదురు ఒక్కసారిగా లేచింది. ఇది మోకాలెత్తు మంట కాదు. చెట్ల నెత్తులు అందుకుంటూ, ఎగువకు వీచే గాలితో, కంపను నమిలేస్తూ చరియ వైపే వస్తోంది. వాగు ఒడ్డున ఎన్ని మంటలు చూసి నిలబడిందో ఒక ముసలి యేపి చెట్టు, నిలువునా కాగడా అయిపోయింది. దాన్ని చూసి బయ్యన్నకు భయం కంటే ముందు సిగ్గు కలిగింది.

"లోపలే ఉందాం" అన్నాడు కోదండం. "రాయి కాలదు గదా. సందుకు బండ అడ్డం పెడతా."

ఆ మాట సబబుగానే వినపడింది. బయ్యన్న పైకప్పు మసి చూశాడు. పొగ అప్పుడే సందులోంచి లోపలికి పాకి, నడుమ చీలిక వైపు సాగుతోంది. ఆ గుహ పొయ్యి గొట్టంలా పొగను పీలుస్తోంది. నేలకు అతుక్కుని, గుడ్డ ముఖానికి ఒత్తుకుని పడి ఉన్న తండ్రిని చూశాడు. ఆయనను కాల్చింది ఏదీ లేదు.

"నాయన కూడా రాయి కాలదనే అనుకున్నాడన్నా" అన్నాడు. "బయటికి పదండి. కాలిన నేల మళ్ళీ కాలదు. నేల మనమే కాల్చుకోవాలి."

వంగి తండ్రి ఎముకలను పోగు చేయబోయాడు. అంకమ్మ అతని చెయ్యి పట్టుకుని లాగింది. "వదిలెయ్యి. ఈయన్ని మంట ఏం చేయలేదు. బతికి పోయి అమ్మకు చెప్పేది ఎవరు?"

తండ్రిని చూసిన రోజే మళ్ళీ వదిలి రావలసి వచ్చింది. బయ్యన్న తండ్రి పుర్రె మీద ఒకసారి చెయ్యి ఉంచి, సందులోంచి బయటపడ్డాడు. కంపలో మోచేతులు చీరుకుపోతూ ముగ్గురూ గుల్లరాతి మీది పలచటి గడ్డిలోకి పాకారు. వేడి ముఖాన కొడుతోంది. పొగలో పక్క మనిషి కనపడడం లేదు. బయ్యన్న చెకుముకి కొట్టాడు. దూది అంటుకోలేదు. మళ్ళీ కొట్టాడు. అంకమ్మ వంగి కొంగు అడ్డం పెట్టింది. ఈసారి గడ్డి అంటుకుంది. పెద్ద మంట లాగుతున్న గాలి ఆ చిన్న మంటను వాగు వైపు ఈడ్చుకుపోయింది. పలచటి గడ్డి కాగితంలా కాలిపోయి, నల్లటి నేల కొంచెం కొంచెంగా పెరిగింది.

"నల్లదాంట్లోకి. పండుకోండి, ముఖం నేలకు" అని అరిచాడు బయ్యన్న.

కప్పుకోవడానికి ఏమీ లేదు. అంకమ్మ చీర నూలుది, రవ్వ పడితే అంటుకుంటుంది. కోదండం మూట భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఒక్క క్షణం అంకమ్మను చూశాడు. తర్వాత మూట ముడి విప్పి గొంగళిని దులిపేశాడు. వరహాలు బూడిదలో చెల్లాచెదరుగా పడ్డాయి. నడుముకు వేలాడే నీళ్ళ సొరబుర్రను గొంగళి మీద వంచి, ముగ్గురి మీదా కప్పి, అంచులు తన ఒంటి కింద నొక్కి పట్టుకున్నాడు.

మంట వచ్చింది. రెండు మంటలూ ఎదురెదురుగా కలిసినప్పుడు లేచిన హోరులో బయ్యన్నకు తన కేక కూడా వినపడలేదు. ఉన్ని కమిలిన వాసన. కింద బూడిద చెంపలను కాల్చింది. ఊపిరి అందలేదు, అందినది నిప్పులా ఉంది. పక్కన అక్క పళ్ళు కొరుకుతూ అమ్మ పేరే తలుచుకుంటోంది. ఇక చాలు, లేచిపోదాం అనిపించిన చోట హోరు తగ్గింది. కాల్చడానికి ఏమీ దొరకక మంట వాళ్ళను చుట్టి, చరియ రాతిని ఢీకొని చచ్చిపోయింది.

లేచి చూస్తే మూడు ముఖాలూ ఒకే రంగులో ఉన్నాయి. కోదండం చేతుల మీద చర్మం పొంగులెత్తింది. అతను చుట్టూ చూసి, బూడిదలోంచి వరహాలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు. బయ్యన్న ఆపలేదు. ఆపే హక్కు తనకుందని అనిపించలేదు. కోదండం వాటిని గొంగళి కొసలో వేసుకుని, ఇప్పుడు కంప లేని గుహ సందు దాకా నడిచి, లోపలికి దిగాడు. వచ్చేటప్పుడు గొంగళి ఖాళీగా ఉంది.

"గుహ మూసేటప్పుడు నన్ను పిలువు" అన్నాడు. "రాయి పేర్చడం నాకొచ్చు."

వాళ్ళు పెంట చేరేసరికి జనమంతా ఈదమ్మ గుడిసె ముందు పోగై ఉన్నారు. బయ్యన్న దాచలేదు. "అగ్గి పెట్టింది నేనే. రేంజి ఆఫీసుకు పోయి నేనే చెప్పుకుంటా. ముందు మా అమ్మతో మాట్లాడనీయండి" అన్నాడు. ఎముకల గూడైపోయిన తల్లిని రెండు చేతులా ఎత్తుకుని వాకిట్లోకి తెచ్చి, మసిబోడు వైపు కూర్చోబెట్టాడు.

"నాయన దొరికినాడమ్మా."

ఈదమ్మ కళ్ళు చికిలించింది. ఎదురుగా గుట్ట నల్లగా, నున్నగా, ఏ అడ్డూ లేకుండా నిలబడి ఉంది. చరియ మొదట్లో గుహ నోరు ఆ వాకిట్లోకి నేరుగా కనపడుతోంది. బయ్యన్న వేలు అక్కడికి చూపించాడు.

"ఆడనా?"

"ఆడనే. ఆ నాటి మంటలో పొగకు ఊపిరాడక పోయినాడు."

"సొమ్మో?"

బయ్యన్న నోరు తెరిచేలోగా కోదండం ముందుకు వచ్చాడు. "బిందెలన్నీ లక్కతోనే ఉన్నాయమ్మా. ఒక్కదాని మూత పగిలింది. పగలగొట్టింది నేను, ఆయన కాదు. కావాలంటే పెద్దమనిషిని వచ్చి చూసుకోమను." మండ్లి పోలయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. అతని చూపు నేల మీదే ఉండిపోయింది.

ఈదమ్మ అతని వైపు చూడను కూడా చూడలేదు. ఆమె చూపు ఆ చిన్న నల్లటి నోటినుంచి కదలలేదు. ముప్పై ఏళ్ళుగా పొద్దున లేచి ఆమె ముఖం కడుక్కున్నది ఈ వాకిట్లోనే. వండింది, పిల్లలను పెంచింది, తిట్లు పడింది, ఏ దారిన వస్తాడోనని చూసింది ఈ వాకిట్లోంచే.

"ఎంత దగ్గర రా" అంది. "ఎన్నడన్నా ఒక్క ఏడు ఆ గడ్డి కాల్చి ఉంటే ఈడ కూసునే నాకు కనపడుండేటోడు."

అంకమ్మ ఆమెను పొదివి పట్టుకుంది. ఈదమ్మ కొడుకు కాలిన చేతిని తన చేతిలోకి తీసుకుని, ఊదినట్టు ఒకసారి ఊదింది.

"ఇంక నిలబడొద్దు, పో. పొద్దుండగానే పోయి మీ నాయన్ని ఇంటికి తోలుకరా."